మొదటి ఏబది మీటర్లు

తిరుచ్చులిలో మంచు అన్న మాటకు రెండే అర్థములు కలవు. మార్గశిర పుష్యమాసములలో వేకువజామున గుండారు ఏటి ఇసుకతిన్నెల మీదను నల్లరేగడి చేలమీదను పలుచని వలువవలె పరచుకొని, ప్రొద్దు బారెడెక్కగానే మాయమగు పొగమంచు ఒకటి. బస్సులు నిలుచు చోట సోడాకొట్టులో రంపపుపొట్టు నడుమ గోనె కప్పుకొని పడియుండు ఐసుగడ్డ రెండవది. ఆకాశమునుండి దూదివలె రాలి, నేలపై గట్టిపడి, మనిషి బరువును మోసి, ఉక్కుబద్ద క్రింద అద్దమువలె మెరయు మూడవ మంచు ఒకటి కలదని బడిపుస్తకములలో చదువుకొన్నవారమే గాని, భూమినాథస్వామి కోవెల చుట్టునున్న ఈ వీథులలో పుట్టి పెరిగినవారిలో దానిని కన్నులార చూచినవారు మిక్కిలి అరుదు. ఇరుగుపొరుగు తమిళులు అగ్నినక్షత్రమనియు, ఇంట తెలుగు మాటలాడు మేము వాని కడపట వచ్చు దినములను రోహిణికార్తె యనియు పిలుచుకొను ఎండలలో, చేల నెరియలు కాలు దూరునంత వెడల్పగు ఈ సీమలో కూర్చుండి, మంచుబాటపై గంటకు నూటముప్పది కిలోమీటర్ల వేగమున జారు బండ్లనుగూర్చి వ్రాయబూనుటకు కారణము చెప్పవలసియున్నది.

కారణము చెరువుగట్టున కంటబడినది. వేసవి సెలవులలో ఒకనాటి సాయంకాలము నలుగురు పిల్లలు ఒక పలకకు మూడు పాత బేరింగులు బిగించి, ముందరి ఇరుసుకు త్రాడు కట్టి, గట్టుమీదినుండి క్రొత్తగా వేసిన తారురోడ్డు వాలుపైకి దానిని తోలుచుండిరి. ఇదివరకటి తరమువారు తాటిముంజెలు తిని పారవేసిన బుర్రలను చక్రములు చేసికొని ఆడిన ఆటయే, ఇనుము దొరకిన కాలమున ఈ రూపము దాల్చినది. ముందు కూర్చుండువాడు త్రాడు పట్టుకొని వంపులు త్రిప్పవలెను. తక్కినవారు వెనుకనుండి తోయవలెను. చిన్నవాడొకడు బండి కదలకమునుపే ఎక్కి కూర్చుండగా, వారిలో పెద్దవాడు వానిని రెక్క పట్టి దింపి, ‘‘రేయ్, ముందు తోసి పరుగు పట్టించు, ఆ తరువాత ఎక్కు. నిలబడిన బండి ఎక్కితే అది నిన్ను మోయదురా, నువ్వే దాన్ని మోయాల’’ అని గద్దించెను. ఒలింపిక్ క్రీడలలో బాబ్‌స్లెడ్ అను పందెమునకు ప్రథమసూత్రము అక్షరాల ఇదియే. ఆ బాలునకు ఆ పేరు తెలియదు. సూత్రము మాత్రము తెలిసినది.

స్విట్జర్లాండు దేశమున సెంట్ మోరిట్జ్ అను కొండయూరికి పందొమ్మిదవ శతాబ్ది ఉత్తరార్ధమున చలికాలపు విడిదికై పోయిన ఆంగ్లేయులు, సరకులు చేరవేయు జారుడుబండ్లను తమ వేడుకకు మలచుకొని ఊరి వీథులలో పరుగెత్తింపగా పుట్టిన క్రీడ యిది. 1897లో అచ్చట మొదటి క్లబ్బు వెలసెను. 1924లో ఫ్రాన్సు దేశపు షామొనీ నగరమున జరిగిన మొట్టమొదటి శీతాకాల ఒలింపిక్ క్రీడలలోనే దీనికి స్థానము లభించెను. నలుగురెక్కు బండి, ఎక్కిన మనుషులతో కూడ 630 కిలోలు దాటరాదు. పురుషులు ఇద్దరెక్కునది 390 కిలోలు దాటరాదు. అడుగున నాలుగు ఉక్కుబద్దలు. వెనుకటి రెండు కదలవు. ముందరి రెండింటికి త్రాళ్లు తగిలించి, వాని కొసల పిడులను పైలట్ అనబడు ముందరివాడు చేతుల బట్టుకొని, వ్రేళ్ల కొసలతో లాగినంత సున్నితముగా బండిని వంపులలో నడపును. చిట్టచివర కూర్చుండువానిని బ్రేక్‌మన్ అందురు గాని, గమ్యరేఖ దాటువరకు అతడు బ్రేకును ముట్టుట లేదు. నడుమనున్నవారు తలలు వంచుకొని, ఒకరి వీపున నొకరు ఒదిగి, వంపు తిరుగునపుడు దేహభారము అయిదురెట్లై మీదపడుచుండ, బాట ఎచ్చట మలగునో కంట చూడకయే ఎముకలతో గ్రహింపవలెను.

ఆ బాట సహజమైన మంచుకొండ కాదు. కిలోమీటరుకు పైబడిన పొడవున కాంక్రీటుతో కట్టిన దొప్పవంటి కాలువ అది. దాని కడుపులో గొట్టములు పరచి, వానిలో అమ్మోనియా ప్రవహింపజేసి, పైన నీరు చిలుకరించి పొరలుపొరలుగా గడ్డకట్టింతురు. తూత్తుకుడి రేవులో చేపల వ్యాపారులకు ఐసు తయారుచేయు ఫ్యాక్టరీలలో ఘాటువాసన కొట్టునది ఏ అమ్మోనియాయో, ఛాంపియన్ల పాదముల క్రింద మంచును పుట్టించునదియు అదియే. 1960లనాటి తుదిదినములలో జర్మనీలోని కోనిగ్‌సే యందు ఇట్టి కృత్రిమపు బాట మొదటిసారిగా వెలసినది మొదలు, ఈ క్రీడ ఆకాశపు దయపై గాక యంత్రముపై ఆధారపడిన క్రీడ యైనది. ప్రపంచమంతటను ఇట్టి బాటలు ఇరువదికి లోపే. నార్వేవాడైనను, జపానువాడైనను, తన ఇంటిముంగిట కురిసిన మంచులో ఈ విద్య నేర్వజాలడు. బాట యున్న ఊరికి పయనము కట్టవలసినదే.

ఇక మొదటి ఏబది మీటర్ల సంగతి. బాట యెంత పొడవైనను మనిషి కండబలము బండికి ఉపయోగపడునది ఆ కాస్త దూరమే. మేకులవంటి ముండ్లు పొదిగిన జోళ్లు తొడిగి, నలుగురును ఒక్క ఊపున బండిని కదల్చి, అయిదారు సెకండ్లు ప్రాణమొడ్డి పరుగెత్తి, ఒకరివెనుక నొకరు లోపలికి దూకి కూర్చుండుట తప్ప, ఆ పిదప వేగమును కల్పించు ఉపాయము వారికేదియు లేదు. భూమ్యాకర్షణము లాగును, మంచు జార్చును, పైలట్ నేర్పు ఉన్న వేగమును పోగొట్టుకొనకుండ కాపాడును. మొదట పోయిన సెకండులో పదియవ వంతు, కడపట మూడు పదియవ వంతులై తేలునని అనుభవజ్ఞుల లెక్క. పతకములు సెకండులో నూరవ వంతులతో చేతులు మారు ఈ పందెమున అది కొండంత యంతరము. కావుననే బాబ్‌స్లెడ్ శిక్షకులు మంచు కురియు ఊళ్లలో కాక, పరుగుపందెముల మైదానములలో మనుష్యులను వెదకుదురు. నూరు మీటర్ల పరుగువీరుడు వారికి కావలయును. అట్టివాడు ఉష్ణదేశమున పుట్టినచో వాని కాళ్లకు వచ్చు లోపమేమి?

ఈ ప్రశ్నకు జమైకా సమాధానము చెప్పినది. ఆ ద్వీపమున తోపుడుబండ్ల పందెములు జనులకు ప్రీతిపాత్రములు. సరకులు మోయు చెక్కబండ్లను కొండవాలుల మీద దొర్లింపగా చూచి, ఆ దేశమున లోగడ పనిచేసిన జార్జి ఫిచ్ అను అమెరికను, అతని మిత్రుడు విలియం మలోనీ, ఇది బాబ్‌స్లెడ్ కాక మరేమి యని తలచిరి. మేటి పరుగువీరులు వారి పిలుపునకు పలుకలేదు. అపుడు జమైకా సైన్యము తన మనుష్యులను ఇచ్చెను. డడ్లీ స్టోక్స్ హెలికాప్టరు నడపు కెప్టెను. డెవన్ హారిస్ లెఫ్టినెంటు. మైకేల్ వైట్ సైన్యపు రిజర్వు దళమువాడు. మంచు లేనిచోట చక్రముల బండిని తోసి పరుగు నేర్చి, మంచు ఉన్న దేశములకు పోయి జారుట నేర్చి, పట్టుమని ఏడాదియైన నిండకమునుపే 1988 ఫిబ్రవరిలో కెనడా దేశపు కాల్గరీ నగరమున ఒలింపిక్ బాట కొననున్న గీత దగ్గర వారు నిలిచిరి. నలుగురి బండికి ఒకడు గాయపడగా, అన్నయగు డడ్లీ ఆట చూడవచ్చిన క్రిస్ స్టోక్స్ అను పరుగువాడు, అప్పటికప్పుడు విద్య నేర్చి ఆ చోటు నింపెను.

ఇద్దరి పందెమున డడ్లీ స్టోక్సు, వైటులు నలువదియొక్క బండ్లలో ముప్పదవవారైరి. నలుగురి పందెమున మూడవ పరుగులో వారి బండి అదుపుతప్పి, ప్రక్కకొరిగి, నలుగురి శిరస్త్రాణములును మంచుగోడకు రాచుకొనుచు చాల దూరము ఈడ్చుకొనిపోయినది. చూచువారు వారి ప్రాణములు పోయెననియే భయపడిరి. బండి నిలిచిన పిదప నలుగురును ఒక్కొక్కరే వెలుపలికి వచ్చి, దాని ప్రక్కను నడచుచు గమ్యమునకు చేరిరి. 1993లో వచ్చిన ‘కూల్ రన్నింగ్స్’ అను హాలీవుడ్ చిత్రము ఈ కథను లోకమంతటికి తెలిపినమాట నిజమే. చిత్రమున వారు బండిని భుజములపై మోసికొని పోవుదురు, అది కల్పితము. కల్పన చిత్రమునకు అలంకారమే, దానికి నాకు ఆక్షేపణ లేదు. ఉష్ణదేశపువాడు మంచుమీద కాలుపెట్టుట యనునది చూడగానే నవ్వదగిన విషయమన్న భావమును ఆ చిత్రము జనులలో నాటినందుకే నాకు దుఃఖము. తల మంచుకు రాచుకొనుచున్నపుడు నవ్వుటకేమియు లేదు. 2010లో వాంకూవరు క్రీడలు ఆరంభమగు దినముననే, అభ్యాసమున బాటనుండి ఎగిరిపడి ఉక్కుస్తంభమునకు కొట్టుకొని ప్రాణములు విడిచిన జార్జియా దేశపు ల్యూజ్ (వెల్లకిల పండుకొని జారు పందెము) క్రీడాకారుడు నోదర్ కుమారితష్విలి వయస్సు ఇరువదియొక్క యేండ్లు. ఆ బాట ఏ దేశమువానికిని మెత్తనిది కాదు.

చిత్రము చూచినవారిలో పెక్కుమందికి తెలియని సంగతులు ఆ తరువాత జరిగినవి. చిత్రము వచ్చిన మరుసటి యేట, 1994లో నార్వే దేశపు లిల్లెహామర్ క్రీడలలో డడ్లీ స్టోక్స్ నడపిన జమైకా నలుగురి బండి అమెరికా, రష్యా, ఫ్రాన్సు దేశముల బండ్లను వెనుకవైచి పదునాలుగవ స్థానమున నిలిచినది. నవ్వుకొనవచ్చినవారికి ఆ దినము పని లేకపోయెను. 2002లో అమెరికాలోని సాల్ట్ లేక్ క్రీడలయందు విన్‌స్టన్ వాట్స్, లాసెల్స్ బ్రౌన్ అను ఇరువురు జమైకనులు తోపుదూరమును 4.78 సెకండ్లలో ముగించి ఆ బాటకును ఒలింపిక్ క్రీడలకును క్రొత్త రికార్డు నెలకొల్పిరి. తుదకు వారి స్థానము ఇరువదియెనిమిది. ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూచినచో ఈ క్రీడలోని రహస్యమంతయు బయటపడును. కాళ్లు ఇచ్చినది ఉష్ణదేశము, అది లోకమునకు ప్రథమస్థానమున నిలిచినది. మంచుబాటపై వందలసారులు జారి మాత్రమే సంపాదింపగల నేర్పు, మంచి ఉక్కుబద్దలు కొనుటకు కావలసిన ధనము, ఈ రెండును లేనందున తక్కిన ఇరువదియేడు స్థానములు జారిపోయినవి.

ఇది నా ఊహ కాదనుటకు లాసెల్స్ బ్రౌన్ జీవితమే తార్కాణము. అతడు పిదప కెనడా వనితను పెండ్లాడి, ఆ దేశమున స్థిరపడి, 2006లో ఆ దేశపు పౌరుడై, అదే యేట ఇటలీలోని టూరిన్ క్రీడలలో పియరీ లూడర్స్ వెనుక బండి తోసి రజతపతకము నందెను. 2010లో నలుగురి పందెమున కాంస్యపతకము నందెను. మనిషి అతడే, కాళ్లును అవియే. మారినది బండి, బాట, వెనుకనున్న దేశపు వనరులు.

బాబ్‌స్లెడ్‌కు దగ్గరిచుట్టమైనదియు, చూచువానికి మరింత గుండె జల్లుమనిపించునదియు స్కెలిటన్. ఇందు పెంకువంటి మరుగు లేదు, బ్రేకు లేదు, త్రాడు లేదు. రెండు ఉక్కుబద్దలమీద నిలిచిన పలుచని చట్రముపై బోరగిల పండుకొని, తల ముందుకు, కాళ్లు వెనుకకు పెట్టి, గడ్డము మంచుకు నాలుగు వ్రేళ్ల యెత్తున నుండగా జారుట. భుజమును ఇసుమంత నొక్కినను, మోకాటిని కదల్చినను, కాలి బొటనవ్రేలితో మంచును తాకినను, అదియే చుక్కాని. 1928లోను 1948లోను సెంట్ మోరిట్జ్ యందు ఒలింపిక్ క్రీడలు జరిగినపుడు మాత్రమే ఇది పందెముగా నుండి, అటుపిమ్మట మరుగుపడి, 2002లో తిరిగివచ్చినది. వెల్లకిల పండుకొని కాళ్లు ముందుకు చాపి జారునది ల్యూజ్. దానికి ఆరంభమున పరుగు లేదు, చేతిపిడులు పట్టి తమ్ము తాము ముందుకు విసరుకొని, ముండ్ల చేతిజోళ్లతో మంచును త్రోసుకొనవలెను.

ఈ మూడింటికిని ఉక్కుబద్దయే ప్రాణము. రాపిడి వలన బద్దక్రింద మంచు కరగి పుట్టు కంటికి కానరాని నీటిపొరయే బండిని జార్చునని చెప్పుదురు. కావున బద్దను ముందే వేడిచేసినవానికి అన్యాయముగా మేలు కలుగును. పందెమునకు ముందు అధికారులు ప్రతి బద్ద వేడిమిని కొలుచుటకు కారణమిదియే. 1968లో గ్రెనోబుల్ క్రీడలయందు తూర్పు జర్మనీ ల్యూజ్ వనితలు బద్దలను వేడిచేసిరన్న దోషమున బహిష్కృతలైరి. మంచుపై జరుగు క్రీడలో వేడిమి దోషమగుట చూడ, ఉష్ణసీమలో నున్న మాకు విచిత్రముగానే యుండును.

2018లో దక్షిణ కొరియా దేశపు ప్యాంగ్‌చాంగ్ క్రీడలయందు ఆఫ్రికాఖండపు మొదటి బాబ్‌స్లెడ్ జట్టు పాల్గొన్నది. నైజీరియా దేశము తరఫున నిలిచిన ఆ మువ్వురు వనితలలో ముఖ్యురాలు షేఉన్ అదిగున్. లండను ఒలింపిక్ క్రీడలలో ఆ దేశమునకే అడ్డంకుల పరుగు పరుగెత్తినది. అమెరికాలోని హ్యూస్టన్ నగరమున, మంచు మిక్కిలి అరుదుగా పడు ఊరిలో, తన ఇంటి గ్యారేజిలో చెక్కతో ఒక బండిని తానే చేసికొని, అకువోమా ఒమెయోగా, న్గోజీ ఒన్వుమెరె అను స్నేహితురాండ్రతో కలసి దానిని తోసి తోసి, తోపువిద్యను అలవరచుకొన్నది. ఆ క్రీడలలోనే సిమిడెలె అడియాగ్బో అను మరియొక నైజీరియా వనిత, ముప్పదియారవ యేట స్కెలిటన్ బాటపై తల ముందుపెట్టి జారినది. ఘానా దేశమునుండి అక్వాసీ ఫ్రింపాంగ్ వచ్చెను. కుమాసీలో పుట్టి, ఎనిమిదవ యేట తల్లిని వెదకికొని హాలెండునకు పోయి, పత్రములు లేని పరదేశిగా పెరిగి, పరుగువాడై, బ్రతుకుతెరువునకై ఇంటింటికి చెత్తయూడ్చు యంత్రములు అమ్మినవాడు. అతని శిరస్త్రాణముపై సింహపు నోటినుండి తప్పించుకొని వెలికి దూకుచున్న కుందేలు చిత్రింపబడియుండెను. ముప్పదిమందిలో అతడు ముప్పదవవాడు. నైజీరియా బండియు ఇరువదింటిలో ఇరువదవది.

కడపటి స్థానములనుగూర్చి దాచవలసిన పని లేదు. వీరిలో పలువురు చలిదేశములలోనే పెరిగినవారనియు, పూర్వుల దేశపు పేరు తగిలించుకొని సులువుగా ఒలింపిక్ ద్వారము దూరుచున్నారనియు ఆక్షేపించువారు కలరు. అదిగున్ అమెరికాలో పుట్టినదే. 2022లో ఇరువదినాలుగేండ్ల తరువాత జమైకా నలుగురి బండిని ఒలింపిక్ బాటకు తెచ్చిన శాన్‌వేన్ స్టీఫెన్స్, చిన్ననాటనే బ్రిటనుకు పోయి అచ్చటి వైమానికదళమున చేరినవాడే. మహమ్మారి దినములలో వ్యాయామశాలలు మూతపడగా పీటర్‌బరో వీథులలో కాబోవు ఇల్లాలిని చిన్నకారులో కూర్చుండబెట్టి ఆ కారును తోసి కాలిబలము నిలుపుకొన్నవాడు. ఇట్టివారు జమైకనులా, నైజీరియనులా యని అడుగువారికి కోవిల్‌పట్టి, విరుదునగరము, తిరుచ్చులి ప్రాంతపు తెలుగువారు జవాబు చెప్పగలరు. విజయనగర నాయకరాజుల కాలమునుండి తరతరములుగా ఈ కరిసల్ (నల్లరేగడి) నేలను దున్నుకొని బ్రతుకుచున్నాము. బడిలో చదివినది తమిళము, సంతలో బేరమాడునది తమిళము. అమ్మ అన్నము పెట్టుచు పిలుచునది తెలుగు. కోవిల్‌పట్టి దాపున ఇడైచేవల్ గ్రామమున పుట్టిన కి. రాజనారాయణన్ మా పూర్వుల వలసకథను ‘గోపల్ల గ్రామం’ అను నవలగా వ్రాసినది తమిళముననే. ఆ కథ తెలుగువారిది కాదనగలమా? పుట్టిన చోటొకటి, పేరు చెప్పుకొను చోటొకటి యగుట మోసము కాదు. అదిగున్ తల్లిదండ్రుల దేశమును ఎన్నుకొన్నపుడు ఆమెకు లభించినది సులువైన దారి కాదు. సమాఖ్యయు లేని దేశమునకు సమాఖ్యను తానే స్థాపించి, బండియు లేని దేశమునకు బండిని తానే చేసి, ఖర్చులకు లోకమును చందాలడిగి, తోటివారిని కూడగట్టవలసివచ్చినది.

మన దేశమున బాబ్‌స్లెడ్ గాని స్కెలిటన్ గాని ఒలింపిక్ బాట చేరలేదు, ల్యూజ్ చేరినది. చేర్చినవాడు శివ కేశవన్. తండ్రి కేరళతీరపు తలశ్శేరివాడు, తల్లి ఇటలీ వనిత, పెరిగినది మనాలి కొండలలో. 1998లో జపాను దేశపు నగానో క్రీడలలో పదునారేండ్ల బాలుడుగా పాల్గొని, ల్యూజ్ ఒలింపిక్ క్రీడాకారులలో అతిపిన్నవాడన్న ఖ్యాతి గడించెను. అది మొదలు 2018 వరకు వరుసగా ఆరు ఒలింపిక్ క్రీడలు. భారతదేశమున కృత్రిమపు బాట ఒక్కటియు లేదు. అతడు బండికి చక్రములు తగిలించుకొని, హిమాలయపు ఘాట్‌రోడ్ల మీద లారీలకును గొఱ్ఱెలమందలకును నడుమ వెల్లకిల పండుకొని జారుచు అభ్యసించెను. ఆ దృశ్యము చూచినవానికి మా చెరువుగట్టున బేరింగుబండి జ్ఞాపకము రాక మానదు. ఇటలీదేశము పిలిచినను పోలేదు. 2006లో టూరిన్ యందు ఇరువదియైదవవాడయ్యెను. 2011లో నగానో బాటపై ఆసియా కప్పు స్వర్ణమును గెలిచి, మరుసటి యేటను నిలుపుకొనెను. 2014లో సోచి క్రీడలనాటికి భారత ఒలింపిక్ సంఘము అంతర్జాతీయ సంఘముచే సస్పెండు చేయబడియుండుటచే, స్వదేశపు జెండా లేక ఒలింపిక్ జెండా క్రింద అతడు పందెమున దిగవలసివచ్చెను. ఆ క్రీడల అభ్యాసమున వంపులో బండినుండి జారిపడి, బండి పరుగు నిలువకమునుపే దానిని పట్టుకొని తిరిగి ఎక్కి పండుకొనెను. ఆ దృశ్యమును లోకమంతయు వింతగా చూచినది. ఏండ్ల తరబడి నిలుకడగా శిక్షకుడు, బాట, ధనము, కడకు జెండా కూడ లేక జారిన మనిషికి అది వింత కాదు. 2020లో అతనికి అర్జున పురస్కారము లభించెను. అది చాల ఆలస్యముగా వచ్చినదని నా నిశ్చితాభిప్రాయము.

ఎండదేశమువానికి మంచుక్రీడ యెందుకని అడుగు పెద్దలను, కోవిల్‌పట్టికి హాకీ యెందుకని నేనడుగుదును. ఆ ఆట ఆంగ్లేయుల పచ్చికబయళ్లనుండి వచ్చినది. మా ప్రాంతమున ఒక పచ్చికబయలు చూపినచో దండము పెట్టుదును. ఐనను ఈ నల్లనేలమీద, కట్టెతో తిన్నెలు తిన్నెలుగా దుమ్ము రేపుచు పిల్లలు ఆ ఆటను నేర్చి, లక్ష్మీ అమ్మాళ్ స్మారక అఖిల భారత హాకీపోటీలకు దేశపు పెద్దజట్లు కోవిల్‌పట్టికి వచ్చునంత పేరు తెచ్చిరి. నేలకును ఆటకును జన్మసంబంధము లేదు, అభ్యాససంబంధమే యున్నది. మంచుస్కేటింగును చూడుడు: మన దేశపు మంచుస్కేటర్లలో పలువురు చక్రముల స్కేట్లతో రోడ్లమీద ఆరంభించినవారే. ఖేలో ఇండియా శీతాకాల క్రీడలయందు తెలంగాణమునకు స్వర్ణము తెచ్చిన తల్లూరి నయనశ్రీ ఊరు హైదరాబాదు. అచ్చటను చెరువులు గడ్డకట్టుట లేదు.

నేను కోరునది పెద్ద కోరిక కాదు. అమ్మోనియా బాట కట్టింపుమని అడుగుట లేదు. దానికి కోట్లు కావలెను, సంవత్సరముల తరబడి విద్యుత్తు కావలెను, ఈ యెండలో దానిని నిలుపుటయు వివేకము కాదు. చలిదేశపు జట్లు సయితము వేసవిలో మంచుబాటను విడిచి అభ్యసించునది తోపుబాటలమీద. ఇంచుక వాలుగా నేర్పరచిన ఏబదియరువది మీటర్ల దారిన రెండు ఇనుపపట్టాలు పరచి, వానిపై చక్రముల బండిని నిలిపి, ఆరంభమున ఒకటి, చివర ఒకటి కాంతికిరణపు గడియారములు పెట్టినచో తోపుబాట సిద్ధము. తమిళనాడు క్రీడాభివృద్ధి సంస్థవారు గాని, విరుదునగరపు కళాశాలల వ్యాయామశాఖలవారు గాని తలచినచో ఒక మైదానపు అంచున దీనిని నిర్మింపవచ్చును. జిల్లా పోటీలలో నూరుమీటర్ల పరుగున మూడవ నాలుగవ స్థానములతో ఇంటికి మరలిపోవు బలిష్ఠులైన యువతీయువకులను దానిపై పరీక్షించి, సెకండు పదియవ వంతులు కొలిచి, పనికివచ్చినవారిని బాట యున్న దేశమునకు పంపవచ్చును. ఈ పత్రికను చదువువారిలో మాటచెల్లుబడి గలవారు పెక్కురుందురు. వారొక ఉత్తరము వ్రాయవలెనని ప్రార్థన. కావలసిన స్థలము ఏబది మీటర్లు. దానికి మంచు అక్కరలేదు.